వెళ్ళి వచ్చే నౌకలు – మానవసహిత పునర్వినియోగ అంతరిక్ష నౌకల చరిత్ర

ఇల్లు విడిచి బయలుదేరే తెలుగువారు 'పోతాను' అనరు, 'వెళ్ళివస్తాను' అంటారు. తిరిగి రావడంతోనే ప్రయాణం పూర్తి అవుతుందని మన పెద్దల భావన. అంతరిక్ష యాత్రకు ఈ మాట మరింతగా వర్తిస్తుంది. భూమిని విడిచి పైకి వెళ్ళడానికి ఎంత శక్తి అవసరమో, ఆ శక్తినంతటినీ వేడి రూపంలో వదిలించుకొని క్షేమంగా దిగిరావడానికి అంత నేర్పు అవసరం. యాత్రికుడు క్షేమంగా వచ్చినా అతనిని మోసిన వాహనం మరల పనికిరానిదైతే, ప్రతి యాత్రకూ కొత్త వాహనం నిర్మించవలసిందే. తిరిగి వచ్చిన వాహనమే మరల మనుషులను ఎక్కించుకొని బయలుదేరాలన్న ఆశయం ఎలా పుట్టినది, ఎంతవరకు నెరవేరినది, దానికి చెల్లించిన మూల్యం ఎంత అన్న విషయాలను పరిశీలించడం నేటి విద్యార్థులకు ఎంతైనా అవసరం.

ఒక్క ప్రయాణానికే పరిమితమైన వాహనాలు

1961 ఏప్రిల్ 12న సోవియట్ యూనియన్‌కు చెందిన యూరీ గగారిన్ వోస్తోక్ నౌకలో భూమిని ఒకమారు చుట్టి వచ్చి తొలి వ్యోమగామిగా చరిత్రకెక్కాడు. ఆయన కూర్చున్న గోళాకారపు గది నేలకు చేరినది. కాని మరల ఎన్నడూ ఎగరలేదు. 1969లో అమెరికా వ్యోమగాములను చంద్రుని వద్దకు పంపిన సాటర్న్-5 రాకెట్ ఎత్తు సుమారు 110 మీటర్లు. ఇంధనంతో కలిపి బరువు సుమారు 2,900 టన్నులు. అందులో పసిఫిక్ మహాసముద్రానికి తిరిగి చేరినది ముగ్గురు మనుషులు పట్టే శంకువు ఆకారపు గది ఒక్కటే. దాని బరువు ఐదారు టన్నులకు మించదు. తక్కిన భాగాలన్నీ సముద్రంలోనో, చంద్రునిపైననో, రోదసిలోనో మిగిలిపోయాయి.

ఆ గది అడుగున అమర్చిన రక్షక పదార్థం, వాయుమండలంలోనికి దిగివచ్చేటప్పుడు కాలి, పొరలు పొరలుగా ఊడిపోతూ వేడిని తనతో తీసుకొనిపోయేది. ఒక్కసారికి అది గొప్ప ఉపాయమే. రెండవసారికి అది పనికిరాదు. 1965 జనవరిలో మనుషులు లేకుండా పంపిన జెమిని-2 క్యాప్సూల్‌ను బాగుచేసి 1966 నవంబరులో మరొకసారి ప్రయోగించారు. రోదసిని తాకి రెండుసార్లు తిరిగి వచ్చిన మొదటి క్యాప్సూల్ అదే. అయితే రెండు మార్లూ అందులో మనిషి లేడు.

రెక్కలు గల రాకెట్లు

రాకెట్‌కు రెక్కలు అమర్చి విమానం వలె దించాలన్న ఆలోచన అంతకు ముందే ఉన్నది. ఆస్ట్రియా దేశీయుడైన యూజెన్ సాంగర్, గణిత శాస్త్రజ్ఞురాలైన ఐరీన్ బ్రెట్‌తో కలిసి రెండవ ప్రపంచ యుద్ధానికి ముందే ఇట్టి వాహనానికి లెక్కలు వేశాడు. అది కాగితం దాటలేదు. కాగితం దాటినది అమెరికా నిర్మించిన ఎక్స్-15. బి-52 విమానం రెక్క క్రింద వేలాడుతూ పైకి వెళ్ళి, అక్కడి నుండి విడివడి, సొంత రాకెట్ ఇంజనుతో దూసుకొనిపోయి, చివరకు ఎండిన సరస్సు నేలపై దిగేది. మూడు వాహనాలు 1959 నుండి 1968 వరకు 199 సార్లు ఎగిరాయి. వాటిని నడిపిన పన్నెండు మందిలో, తరువాతి కాలంలో చంద్రునిపై తొలి అడుగు మోపిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఒకడు.

1963 జూలై 19న, మరల ఆగస్టు 22న జోసెఫ్ వాకర్ మూడవ ఎక్స్-15ను 100 కిలోమీటర్లకు పైగా ఎత్తుకు తీసుకొనివెళ్ళాడు. మనిషిని మోసుకొని రోదసి అంచును రెండుసార్లు తాకి వచ్చిన మొదటి వాహనం అదే. అదే వాహనం 1967 నవంబరు 15న గాలిలో విచ్ఛిన్నమై, పైలట్ మైఖేల్ ఆడమ్స్ మరణించాడు. ఈ చరిత్రలో విజయమూ విషాదమూ మొదటినుండీ జంటగానే నడిచాయి.

రోదసి అంచును తాకడం వేరు. భూమి చుట్టూ కక్ష్యలో నిలవడం వేరు. ఎక్స్-15 అందుకున్న అత్యధిక వేగం గంటకు సుమారు 7,270 కిలోమీటర్లు. కక్ష్యలో నిలవడానికి కావలసిన వేగం గంటకు సుమారు 28,000 కిలోమీటర్లు. వేగం నాలుగు రెట్లకు చేరువైతే, వాహనంలోని గతిజ శక్తి సుమారు పదిహేను రెట్లవుతుంది. దిగేటప్పుడు ఆ శక్తి అంతా వేడిగా మారవలసిందే. ఆ వేడిని మరల మరల తట్టుకొనే కవచం లభించనంత కాలం పునర్వినియోగం కలగానే మిగిలినది. అమెరికా వాయుసేన తలపెట్టిన డైనా-సోర్ అనే రెక్కల నౌక పథకం ఎగరకముందే 1963 డిసెంబరులో రద్దయినది.

స్పేస్ షటిల్ అవతరణ

1972 జనవరి 5న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ స్పేస్ షటిల్ పథకాన్ని ప్రకటించాడు. ఆదిలో ఇంజనీర్లు ఆశించినది పూర్తిగా తిరిగివచ్చే రెండంచెల వాహనం. అంత ధనం మంజూరు కాలేదు. చివరకు రాజీమార్గం అనుసరించవలసి వచ్చినది. మనుషులు కూర్చునే ఆర్బిటర్ తిరిగి వస్తుంది. ఇరువైపులా ఉండే ఘన ఇంధన బూస్టర్లు పారాచూట్లతో సముద్రంలో దిగితే వాటిని ఓడలు లాక్కొని వస్తాయి. ద్రవ హైడ్రోజన్, ఆక్సిజన్ నింపిన 47 మీటర్ల పెద్ద టాంకు మాత్రం ప్రతిసారీ నశిస్తుంది. నౌక పైభాగాన నిలవవలసిన సిబ్బంది గది ఇంధనపు టాంకు పక్కకు వచ్చినది. పైనుండి ఏది రాలినా అది నౌకకు తగిలే అవకాశం ఏర్పడినది. ఈ చిన్న విషయం ముప్పై ఏళ్ళ తరువాత ఎంతటి అనర్థానికి దారితీసినదో ముందు తెలుస్తుంది.

వేడి సమస్యకు పరిష్కారం సిలికా పలకల రూపంలో లభించినది. ఇసుకలో ఉండే పదార్థాన్నే సన్నని నారలుగా తీసి, వాటితో తయారుచేసిన ఈ పలకల ఘనపరిమాణంలో అధిక భాగం గాలియే. అందుచేత అవి చాలా తేలిక; వేడిని లోపలికి పోనీయవు. కొలంబియా నౌకకు ఇట్టివి ముప్పై వేలకు పైగా అతికించవలసి వచ్చినది. నౌక ఒంపులను బట్టి ఒక పలక ఉన్నట్లు మరొకటి ఉండదు గనుక ఏ చోటి పలకను ఆ చోటికే మలచవలసి వచ్చేది. 1979లో కొలంబియాను కాలిఫోర్నియా నుండి ఫ్లోరిడాకు విమానం వీపుపై తరలించినప్పుడు అనేక పలకలు ఊడిపోయాయి. వాటిని సరిచేయడానికి, ప్రధాన ఇంజన్ల లోపాలను దిద్దడానికి మరి రెండేళ్ళు పట్టినది.

1981 ఏప్రిల్ 12న, గగారిన్ యాత్రకు సరిగ్గా ఇరవై ఏళ్ళు నిండిన నాడు, జాన్ యంగ్, రాబర్ట్ క్రిప్పెన్ అనే ఇద్దరు వ్యోమగాములతో కొలంబియా బయలుదేరినది. మనుషులు లేకుండా ముందొకసారి కక్ష్యకు పంపి పరీక్షించకుండానే మనుషులతో పంపిన నౌక అది. రెండు రోజుల తరువాత కాలిఫోర్నియాలోని ఎడ్వర్డ్స్ స్థావరంలో చక్రాలపై దిగినది. అసలు పరీక్ష అటు తరువాతిది. అదే సంవత్సరం నవంబరు 12న అదే కొలంబియా జో ఎంగిల్, రిచర్డ్ ట్రూలీలతో మరల పైకి లేచినది. కక్ష్యకు వెళ్ళి వచ్చిన నౌక మనుషులతో రెండవసారి కక్ష్యకు వెళ్ళడం మానవ చరిత్రలో అదే ప్రథమం. నాయకుడైన ఎంగిల్ ఒకప్పుడు ఎక్స్-15 నడిపినవాడే. రెక్కల రాకెట్ల రెండు తరాలకూ ఆయన వారధి వలె నిలిచాడు.

ఒక రబ్బరు వలయం

షటిల్ ఏడాదికి యాభై సార్లకు పైగా ఎగురుతుందని, ప్రయాణ వ్యయం ఎంతో తగ్గుతుందని పథకం ఆరంభంలో ఆశించారు. వాస్తవంలో ఏ సంవత్సరంలోనూ తొమ్మిదికి మించి ఎగరలేదు; ఆ తొమ్మిది 1985 నాటివి. యాత్రల సంఖ్య పెంచాలన్న తొందర ఆనాడు అందరిలోనూ ఉన్నది.

పునర్వినియోగం వలన కలిగే ఒక మేలు ఇక్కడ గుర్తుంచుకోవాలి. పారవేసిన రాకెట్ సముద్రగర్భంలో మౌనంగా పడి ఉంటుంది. తిరిగి వచ్చిన వాహనం తనకు తగిలిన దెబ్బలను తానే చూపిస్తుంది. సముద్రం నుండి తెచ్చిన బూస్టర్లను విప్పి చూసినప్పుడు, వాటి భాగాలు కలిసే చోట వేడి వాయువు బయటికి రాకుండా అమర్చిన రబ్బరు వలయాలు కాలి ఉండడం ఇంజనీర్లు గమనించారు. 1985 జనవరిలో చలి తీవ్రంగా ఉన్న సమయాన జరిగిన ప్రయోగంలో ఆ నష్టం మరింత స్పష్టంగా కనిపించినది. అయినా నౌక క్షేమంగానే తిరిగి వచ్చినది గదా అన్న ధైర్యం అధికారులలో పెరిగినది.

1986 జనవరి 27 రాత్రి, అంత చలిలో ప్రయోగం వద్దని బూస్టర్ల తయారీ సంస్థ ఇంజనీర్లు గట్టిగా వాదించారు. వారి మాట చెల్లలేదు. మరునాడు ఛాలెంజర్ నౌక బయలుదేరిన 73 సెకన్లకే విచ్ఛిన్నమై ఏడుగురు మరణించారు. వారిలో ఒకరు న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని కాంకర్డ్ పట్టణంలో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయురాలు క్రిస్టా మెకాలిఫ్. పదకొండు వేలకు పైబడిన దరఖాస్తుల నుండి ఎంపికై, రోదసి నుండి పిల్లలకు పాఠం చెప్పవలసిన ఆమె ప్రయాణాన్ని ఎన్నో పాఠశాలల విద్యార్థులు తరగతి గదులలో టెలివిజన్ ముందు కూర్చుని చూస్తున్నారు.

విచారణ సంఘంలో సభ్యుడైన భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఆ రబ్బరు ముక్కను మంచునీటి గ్లాసులో ముంచి, చల్లబడితే అది సాగే గుణం కోల్పోతుందని అందరి ఎదుట చూపించాడు. ఉన్నత పాఠశాల ప్రయోగశాలలో ఏ విద్యార్థి అయినా చేయగల పరీక్ష అది. సమాజ శాస్త్రవేత్త డయాన్ వాన్ 1996లో ఈ దుర్ఘటనపై వెలువరించిన గ్రంథంలో, లోపాన్ని చూస్తూ చూస్తూ దానికి అలవాటు పడి, చివరకు దానినే సహజమని భావించే ధోరణిని వివరించింది. మొదటిసారి భయపెట్టిన లోపం పదవసారి కంటికి ఆనదు. తిరిగి వచ్చే నౌకకు ఇంతకు మించిన ముప్పు లేదు.

రష్యా మంచుతుఫాను

ఇదే కాలంలో సోవియట్ యూనియన్ తన షటిల్‌ను సిద్ధం చేసుకున్నది. దాని పేరు బురాన్. రష్యన్ భాషలో మంచుతుఫాను అని అర్థం. 1988 నవంబరు 15న ఎనర్జియా రాకెట్‌పై లేచి, మనుషులు లేకుండా భూమిని రెండుసార్లు చుట్టి, తనంతట తానే రన్‌వేపై దిగినది. అంత గొప్ప విజయం సాధించిన నౌక మరల ఎగరలేదు. సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైన పిదప ధనం లేక పథకం ఆగిపోయినది. 2002లో బైకనూర్‌లోని భవనం పైకప్పు కూలి, లోపలనున్న బురాన్ ధ్వంసమైనది. పునర్వినియోగానికి నిర్మించిన నౌక ఒక్క ప్రయాణంతో ముగియడం విధి వైపరీత్యమే.

కొలంబియా పతనం

ఛాలెంజర్ తరువాత లోపాలు దిద్ది, 1988 సెప్టెంబరులో డిస్కవరీతో షటిల్ యాత్రలు మరల ప్రారంభించారు. కోల్పోయిన నౌక స్థానంలో నిర్మించిన కొత్త నౌకకు పేరును పాఠశాల విద్యార్థుల పోటీ ద్వారా ఎంపిక చేశారు. ఆ పేరే ఎండీవర్. 1990లో డిస్కవరీ హబుల్ దూరదర్శినిని కక్ష్యలో ప్రవేశపెట్టినది. దాని చూపులోని లోపాన్ని 1993లో ఎండీవర్ సిబ్బంది సరిచేశారు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్ర నిర్మాణంలో అధిక భాగం షటిళ్ళ వీపుపైననే జరిగినది.

2003 జనవరి 16న కొలంబియా తన 28వ యాత్రకు బయలుదేరినది. హర్యానాలోని కర్నాల్‌లో జన్మించిన కల్పనా చావ్లాకు అది రెండవ యాత్ర. లేచిన సుమారు 82 సెకన్లకు టాంకు పైనుండి కిలోకన్న తక్కువ బరువు గల నురుగు ముక్క ఊడి ఎడమ రెక్క అంచుకు తగిలినది. నురుగు ఊడడం అంతకు ముందు అనేక యాత్రలలో జరిగినదే. ప్రతిసారీ నౌక తిరిగి వచ్చినది గనుక దానిని మరమ్మతు విషయంగానే భావించారు. రెక్కను ఉపగ్రహాల ద్వారా ఫొటో తీయించమని ఇంజనీర్లు కోరినా ఆ పని జరగలేదు. ఫిబ్రవరి 1న నౌక దిగివచ్చేటప్పుడు ఆ రంధ్రం గుండా వేడి వాయువు చొరబడినది. టెక్సాస్ రాష్ట్రంపై కొలంబియా విచ్ఛిన్నమై ఏడుగురూ మరణించారు. ఛాలెంజర్‌లో రబ్బరు చెప్పిన మాటనే కొలంబియాలో నురుగు చెప్పినది. వినవలసినవారు రెండు సార్లూ వినలేదు.

2007 ఆగస్టులో, మెకాలిఫ్‌కు ప్రత్యామ్నాయంగా శిక్షణ పొందిన ఉపాధ్యాయురాలు బార్బరా మోర్గన్ ఎండీవర్‌లో రోదసికి వెళ్ళివచ్చింది. ఆమె నిరీక్షణ ఇరవై ఏళ్ళు దాటినది. 2011 జూలై 21న అట్లాంటిస్ దిగడంతో షటిల్ యుగం ముగిసినది. ఐదు నౌకలు కలిపి 135 యాత్రలు చేశాయి. డిస్కవరీ ఒక్కటే 39 సార్లు వెళ్ళివచ్చినది. పద్నాలుగు మంది తిరిగి రాలేదు. ప్రతి యాత్ర తరువాత వేలాది మంది నెలల తరబడి పలకలను, ఇంజన్లను పరీక్షించవలసి రావడంతో ఆశించిన పొదుపు చేకూరలేదు. ఆర్బిటర్ తిరిగి వచ్చినది. ఖర్చు తిరిగి రాలేదు.

కొత్త శతాబ్దపు నౌకలు

ప్రభుత్వ పథకాలకు వెలుపల మరొక ప్రయత్నం సాగినది. బర్ట్ రూటాన్ రూపొందించిన స్పేస్‌షిప్‌వన్ 2004 సెప్టెంబరు 29న, అక్టోబరు 4న, అనగా వారం తిరగకుండా, రెండుసార్లు 100 కిలోమీటర్ల ఎత్తు దాటి కోటి డాలర్ల బహుమతి గెలుచుకున్నది. దాని వారసత్వ నౌకలలో ఒకటి 2014 అక్టోబరులో పరీక్షా సమయాన కూలి ఒక పైలట్ మరణించాడు. తరువాతి నౌక యూనిటీలో 2021 జూలై 11న ఆంధ్ర ప్రాంతంలో జన్మించి అమెరికాలో పెరిగిన శిరీష బండ్ల సుమారు 86 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళివచ్చింది. 2021 జూలై 20న జెఫ్ బెజోస్‌ను మోసిన న్యూ షెపర్డ్ క్యాప్సూలే 2024 మే 19న విజయవాడలో జన్మించిన గోపీచంద్ తోటకూరను రోదసి అంచుకు తీసుకొనివెళ్ళినది. ఆనాడు మూడు పారాచూట్లలో ఒకటి పూర్తిగా విచ్చుకోలేదు. తక్కిన రెండూ చాలునట్లు ముందే రూపొందించినందున అందరూ క్షేమంగా దిగారు.

కక్ష్యకు వెళ్ళే నౌకలలో రెక్కలకు బదులు పాత శంకువు ఆకారమే మరల వచ్చినది. స్పేస్‌ఎక్స్ సంస్థ ఫాల్కన్-9 రాకెట్ మొదటి అంచెను 2015 డిసెంబరులో నిలువుగా నేలపై దించినది. 2017 మార్చిలో వాడిన అంచెనే మరల వాడినది. 2020 మే 30న అదే సంస్థ డ్రాగన్ నౌకలో ఇద్దరు వ్యోమగాములు అంతరిక్ష కేంద్రానికి బయలుదేరారు. ఇద్దరూ తమ తొలి యాత్రను ఎండీవర్ షటిల్‌లో చేసినవారు గనుక కొత్త నౌకకు ఆ పేరే పెట్టారు. 2021 ఏప్రిల్ 23న అదే డ్రాగన్ ఎండీవర్, అంతకు ముందు వాడిన రాకెట్ అంచెపైననే, నలుగురిని మోసుకొని రెండవసారి బయలుదేరినది. 2025 ఆగస్టులో అది ఆరవ యాత్రకు వెళ్ళినది. అదే జాతికి చెందిన మరొక డ్రాగన్‌కు 2021 నవంబరులో హైదరాబాదు నుండి అమెరికా వెళ్ళిన తండ్రికి జన్మించిన రాజాచారి నాయకత్వం వహించాడు. అయితే ఈ రాకెట్‌లో కూడా రెండవ అంచె తిరిగి రాదు. పూర్తి పునర్వినియోగం అన్న తొలినాటి ఆశయం మానవ యాత్రలలో 2025 నాటికి నెరవేరలేదు.

బోయింగ్ సంస్థ స్టార్‌లైనర్ నౌక కథ మరొక విధమైనది. 2019లో మనుషులు లేకుండా వెళ్ళివచ్చిన ఆ క్యాప్సూలే 2024 జూన్ 6న సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్‌లను అంతరిక్ష కేంద్రానికి చేర్చినది. దారిలో హీలియం కారినది. దిశ మార్చే చిన్న ఇంజన్లు కొన్ని మొరాయించాయి. సందేహం తీరలేదు గనుక నౌకను ఖాళీగా దించాలని నాసా నిర్ణయించినది. సెప్టెంబరులో అది క్షేమంగానే దిగినది. వ్యోమగాములిద్దరూ 2025 మార్చిలో డ్రాగన్‌లో తిరిగి వచ్చారు. క్షేమంగా దిగినది గనుక జాగ్రత్త వృథా అయినదని అనుకోవడం తగదు. ఛాలెంజర్, కొలంబియాలు నేర్పిన పాఠమే ఆనాటి నిర్ణయానికి పునాది అని నాసా అధిపతి స్వయంగా చెప్పాడు.

మన దేశ ప్రయత్నం

2007 జనవరిలో శ్రీహరికోట నుండి పంపిన 550 కిలోల క్యాప్సూల్‌ను పన్నెండు రోజుల తరువాత బంగాళాఖాతంలో దించి, కక్ష్య నుండి వస్తువును తిరిగి రప్పించే విద్యను భారత అంతరిక్ష పరిశోధన సంస్థ అలవరచుకున్నది. 2016 మే 23న శ్రీహరికోట నుండే రెక్కల వాహనం ఒకటి 65 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళి సముద్రంపై దిగినది. కర్ణాటకలోని చిత్రదుర్గ జిల్లా చళ్ళకెరె వద్ద 2023 ఏప్రిల్‌లో, 2024 మార్చి, జూన్ నెలలలో ఇట్టి వాహనాన్ని హెలికాప్టర్ నుండి నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తున వదలగా, అది తనంతట తానే దారి చూసుకొని రన్‌వేపై దిగినది. రెండవ, మూడవ ప్రయోగాలలోని వాహనానికి పుష్పక్ అని పేరు. మూడవసారి దిగిన వాహనం రెక్కలు, ముఖ్య పరికరాలు రెండవసారి వాడినవే. ఇవి మనుషులు లేని తొలి మెట్లు. కాని మెట్లు సరియైన దిశలోనే ఉన్నాయి.

ఉపసంహారం

జోసెఫ్ వాకర్ నాటి నుండి నేటి వరకు ఆరు దశాబ్దాలు గడిచాయి. ఈ చరిత్రలో నౌకలను కూల్చినవి మహోపద్రవాలు కావు. ఒక రబ్బరు వలయం, కిలో బరువు తూగని ఒక నురుగు ముక్క. రెంటినీ ముందుగా చూసినవారు ఉన్నారు. చెప్పినవారు కూడా ఉన్నారు. చెప్పినవారి మాటకు పైవారి తొందర అడ్డు వచ్చినది. తిరిగి వచ్చిన నౌక 'నేను క్షేమం' అని చెప్పదు. తన ఒంటిపై దెబ్బలను చూపి ఊరుకుంటుంది. ఆ దెబ్బలను చదవడం, చదివినదానిని భయపడకుండా చెప్పడం, చెప్పినదానిని పెద్దలు వినడం అనే మూడు పనులూ జరిగిన నాడే ఆ నౌక మరొక ప్రయాణానికి యోగ్యమవుతుంది.

రేపటి నౌకలను నిర్మించవలసినవారు నేటి తరగతి గదులలోనే ఉన్నారు. వారికి గణితం, భౌతిక శాస్త్రం నేర్పడం ఎంత అవసరమో, లెక్క కుదరనప్పుడు 'ఇది కుదరలేదు' అని లేచి చెప్పే ధైర్యాన్ని అలవాటు చేయడం అంతే అవసరం. అటువంటి విద్యార్థి లేచి నిలబడినప్పుడు ఓపికగా వినడం తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల బాధ్యత.